పెట్టని మందు

"మీరే చంపినారు! బతికుండే మనిషి పేగులు నోట్లో నుంచి బయటికి లాగినారు గదప్పా! వాడెవడో పసరు పిండి ఇస్తే తాగించేదానికి మీకు చేతులెట్ల వచ్చినాయి? తోడబుట్టినోడివేనా బావా నువ్వు? కన్నదానివేనా అత్తా నువ్వు?"

చౌడేశ్వరి వాకిట్లోనే నిలబడి అరుస్తోంది. ఆదివారం సగం షిఫ్టు ముగించుకుని రాయదుర్గం బస్సు దిగి వచ్చిన మనిషి, చేతిలో క్యారియరు కూడా దించలేదు. జీన్స్ కార్ఖానా నూగు ఆమె కనురెప్పల మీద ఇంకా నీలంగా ఉంది.

నులక మంచం మీద ఆదెప్ప కళ్ళు తెరవలేకపోయాడు. పెండ్లాం మాట వినపడుతోంది గానీ మనిషి కంటికి ఆనడం లేదు. పొద్దున్నుంచి ఎన్నిసార్లు కక్కాడో లెక్క తప్పింది. మొదట పసరు వచ్చింది. తర్వాత పచ్చగా పైత్యం. ఆ తర్వాత ఏమీ రాలేదు, కడుపు మాత్రం తడిగుడ్డను పిండినట్లు తనను తాను పిండుకుంటూనే ఉంది.

"గొంతు తగ్గించు," అంది సిద్దమ్మ కొడుకు తలకాడి నుంచి కదలకుండా. "చేసిందంతా చేసి మళ్ళా ఊరికి వినపడేట్ల అరుస్తావా? నా కొడుక్కి మందు పెట్టింది నువ్వు. మేము కక్కించినాము. అంతే."

"ఏం మందత్తా? ఎప్పుడు పెట్టినా? పొద్దున ఆరున్నర బస్సుకు పోతే దీపాలు పెట్టినాక వస్తాండా. ఈ ఇంట్లో సంగటి కెలికేది నీ కొడుకు. ఆయప్ప చేతి కూడు నేను తింటాండా. పెడితే ఆయప్పే నాకు పెట్టల్ల మందు!"

పక్కింటి గోడ అవతల ఎవరో కిసుక్కుమన్నారు. సిద్దమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"అదే! నేను చెప్పేది గూడా అదే! మొగోడు సంగటి కెలికేదేంది? బిడ్డ ముడ్డి కడిగేదేంది? మందు లేకుంటే ఏ మొగోడన్నా చేస్తాడా ఆ పని? మీ మామకు ఏడుమంది పిల్లోళ్ళు. ఒక్కరినన్నా చంకన ఎత్తుకున్నోడు కాదు. మొగోడంటే ఆయప్ప!"

"ఏడుమందిలో ఎంతమంది మిగిలినారత్తా?"

ఇద్దరు మిగిలారు. ఆ ఇద్దరే ఇప్పుడు ఈ వాకిట్లో ఉన్నారు. ఒకడు మంచం మీద, ఒకడు మంచం పక్కన.

మంచం పక్కన ఉన్నవాడు నరసింహప్ప, ఆదెప్పకు అన్న. ఇప్పుడు భుజం మీది తువ్వాలు కొంగు ముడి విప్పి, ఆకు పొట్లం ఒకటి తీసి మంచం పట్టె మీద పెట్టాడు.

"నోటితో వాదించొద్దు. ఇదేందో చెప్పు. వీని కడుపులో నుంచి వచ్చింది. పళ్ళెంలో పడంగా నా కండ్లతో చూసినా."

ఆకులో ఉసిరికాయంత గడ్డ. వెంట్రుకలు, జిగురు, వాటి మధ్య చుట్టుకుని నీలం దారం.

"ఈ ఊర్లో నీలం గుడ్డతో పని చేసేది ఎవరు చౌడేశ్వరీ?"

ఆదెప్ప కళ్ళు మూసుకునే విన్నాడు. ఆ గడ్డను తనూ చూశాడు. పసరాయన దాన్ని పుల్లతో కదిలించి, 'ఇదిగో నీ పెండ్లాం పెట్టిన మందు' అన్నప్పుడు, ఎవరికీ చెప్పుకోలేని పాడు అనుమానం ఒకటి తన గుండెలోనూ దూరింది. తనకేదో అయింది. అది మాత్రం నిజం. ఏమైందో తనకే తెలియదు.

ఒకప్పుడు అన్న కేక వేస్తే కట్టె పట్టుకుని ముందు నడిచినవాడు. కోపం వస్తే పెండ్లాం మీద కూడా చెయ్యి లేచేది. వరసగా మూడేళ్ళు చెనిక్కాయ పంట ఎండింది. ఎద్దుల్ని అమ్మేశారు. చౌడేశ్వరి బాలింతగా ఉండి మూడో నెలలోనే మిషన్ మీదికి పోయింది. పనిలేని మొగుడి చేతిలో బిడ్డ పడింది. మొదట్లో విసుక్కున్నాడు. ఏడిస్తే తలుపు వేసి బయటికి పోయేవాడు. ఎప్పుడు మారిందో గుర్తులేదు. ఒకరోజు చెరువు కట్ట అవతల ఉన్నప్పుడు బిడ్డ ఏడుపు విన్నట్లై పరిగెత్తి వచ్చాడు. నిజంగానే ఏడుస్తోంది. ఆ తర్వాత బిడ్డ రొమ్ము మీద పడుకుంటే లోపల ఏదో వెచ్చగా కరిగేది. కారణం లేకుండా కంట్లో నీళ్ళు తిరిగేవి. కోపం కోసం వెతుక్కున్నా చేతికి అందేది కాదు.

పోయిన నెల పక్క చేని కుళ్ళాయప్ప ఈ అన్నదమ్ముల బోరుకు ముప్పై గజాల దూరంలో బోరు వేశాడు. వీళ్ళ బోరులో నీళ్ళు పోయి గాలి వచ్చింది. నరసింహప్ప వచ్చి, "పొద్దున వాని మోటరు పగలగొట్టల్ల, అడ్డమొస్తే వాని కాళ్ళు గూడా. రా," అన్నాడు. ఆదెప్ప నోట్లోంచి వచ్చిన జవాబు తననే ఆశ్చర్యపరిచింది. "ఆ పొద్దుకు బిడ్డ నిద్ర లేస్తాది అన్నా."

ఆ ఒక్క మాటతోనే తమ్ముడికి మందు పెట్టారని నరసింహప్ప తీర్మానించుకున్నాడు.

చౌడేశ్వరి క్యారియరు కింద పెట్టింది. గడ్డను ఆకుతో సహా ఎత్తుకుపోయి చెంబు నీళ్ళతో కడిగింది. దారాన్ని గోటితో విడదీసి వెలుతురుకు పట్టుకుని చూసింది. ఆ చూపు కోడలి చూపు కాదు, రోజుకు మూడొందల నడుముపట్టీలు కుట్టే మనిషి చూపు.

"బావా, జీన్స్ గుడ్డ నీలం. జీన్స్ కుట్టు నీలం కాదు."

"అంటే?"

ఆమె లోపలికి పోయి, దారాలు కత్తిరించడానికి ఇంటికి తెచ్చుకున్న ప్యాంట్ల మూటలోంచి ఒకటి లాగి వాకిట్లో పరిచింది.

"చూడు. మా కార్ఖానాలో కుట్టేది ఈ తుప్పు రంగు దారం. లావుగా ఉంటాది. పండ్లతో లాగినా తెగదు. నువ్వు తెచ్చింది రవికెలు కుట్టే దారం. దీన్ని మా మిషన్‌కు ఎక్కిస్తే జానెడు పోకముందే తెగుతాది. జీన్స్ నీలంగా ఉంటాది గాబట్టి దారం గూడా నీలమే అనుకుని గడ్డ చుట్టి పళ్ళెంలో వేసినాడు ఆ దొంగనాయాలు. నేను జీన్స్‌లో పని చేస్తానని వానికి చెప్పింది ఎవరు బావా?"

నరసింహప్ప తల్లి వైపు చూశాడు. సిద్దమ్మ ఎద్దులు కట్టే ఖాళీ గాటిపాడు వైపు చూసింది.

"వాడే అడిగినాడు," అందామె. "కోడలు ఏం పని చేస్తాదమ్మా అని. చెప్పకుంటే ఎట్ల?"

న్యాయం ఉన్న ఇల్లయితే కథ అక్కడితో ముగిసేది. నరసింహప్ప దారాన్ని తీసి దూరంగా విసిరేశాడు.

"దారం ఏదైతే నాకేంది! వీడు మారినాడా, లేదా? ఆ మాటకు జవాబు చెప్పు. కుళ్ళాయప్ప కొడుకులు ముగ్గురు. నాకుండేది వీడొక్కడు. నీళ్ళు పోయినాక నేను, నా పిల్లోళ్ళు మన్ను తినల్లనా? శుక్రవారం ఇంకోసారి పసరు పోయల్లంట. మూడుసార్లు పోస్తేగాని వేరు రాదంట. పోసేది పోసేదే."

మొగుడు మారిన మాట నిజమే. ఎందుకు మారాడో చౌడేశ్వరికీ తెలియదు.

అప్పుడు లోపల ఉయ్యాలలో బిడ్డ ఏడ్చింది.

సన్నని ఏడుపు, గొంతు ఎండిన ఏడుపు. ఏడు నెలల సరళ పొద్దున తల్లిపాలు తాగిందే, తర్వాత నాయన చేతిలో తప్ప ఎవరి చేతిలోనూ రాగిసరి జావ ముట్టదు. సిద్దమ్మ మూడుసార్లు పెట్టి చూసింది, మూడుసార్లూ ఉమ్మేసింది. ఆదెప్ప ఆ ఏడుపు విని మోచేతుల మీద లేచాడు. లోకమంతా పక్కకు ఒరిగింది. మంచం పట్టె మీది నుంచి మొహం నేలకు కొట్టుకునేలా పడ్డాడు. నోట్లోంచి ఈసారి వచ్చింది పసరు కాదు, పైత్యం కాదు. ఎర్రగా ఉంది.

"జీపు పిలువు బావా," అంది చౌడేశ్వరి. ఇప్పుడు అరవలేదు. "బిన్నా పిలువు. లేకుంటే శుక్రవారం నువ్వు పోసేదానికి నోరు ఉండదు."

*

మూడో రోజుకు ఆదెప్ప కళ్ళు నిలిచాయి.

రాయదుర్గం ఆసుపత్రిలో కిటికీ పక్క మంచం. చేతికి సెలైను. రొమ్ము మీద సరళ, చెవి తమ్మెను పిడికిట పట్టుకుని. పొద్దున రెండో చేత్తోనే గిన్నెడు రాగిసరి తినిపించాడు. చివరి ముద్ద దాకా నాకింది.

చౌడేశ్వరి మిషన్ మీదికి పోయింది. మూడో రోజు కూడా రాకుంటే ఆ మిషన్ ఇంకొకరికి పోతుందని సూపర్‌వైజరు కబురు పెట్టాడు. బిడ్డను వెంట తీసుకుపోవడానికి వీల్లేదు. ఆ షెడ్డులో రెండొందల మిషన్లకు చోటుంది. బట్టల మూటలకు చోటుంది. యజమాని మోటారు సైకిలుకు నీడ ఉంది. ఒక్క ఉయ్యాలకు మాత్రం చోటు లేదు. పాలు వచ్చినప్పుడు ఆడవాళ్ళు రవికెలో గుడ్డ ముక్క కుక్కుకుని కుడతారు. మన కాళ్ళకున్న ప్యాంట్లు అట్లా తయారవుతాయి. పన్నెండున్నరకు అన్నానికి వదిలితే చౌడేశ్వరి అన్నం మాని ఆసుపత్రికి పరిగెత్తి వస్తుంది, పాలివ్వడానికి.

సిద్దమ్మ గోడవార కూర్చుని ఉంది. నరసింహప్ప ద్వారం దగ్గర.

డాక్టరమ్మ వచ్చి చీటీ చూసింది. నడివయసు మనిషి, ఈ ఊరి మనిషే. నిద్ర చాలని కళ్ళు నరసింహప్ప వైపు తిప్పింది.

"పసరు పోయించింది నువ్వేనా? శుక్రవారం మళ్ళీ పోయిస్తావంట? పోయించు. శనివారం శవాన్ని మోసుకుపోదువు. ఇప్పటికే మూత్రపిండాలు దెబ్బ తిన్నాయి. ఇంకొక గ్లాసు పడితే ఈడ నేను చేసేది ఏమీ ఉండదు."

"మందు పెట్టినారమ్మా," అన్నాడు నరసింహప్ప, బెదురుతూనే. "మనిషి చల్లబడిపోయినాడు. కొట్లాటకు పిలిస్తే రాడు. ఆడదాని మాదిరి ఏడుస్తాడు. మీకు తెల్దు, ఒకప్పుడు వీడు ఎట్లుండే!"

డాక్టరమ్మ ఆదెప్ప రొమ్ము మీది బిడ్డను చూసింది. చెవి పట్టుకున్న ఆ పిడికిలిని చూసింది.

"బిడ్డను పెంచేది నువ్వేనా అప్పా?"

"అవునమ్మా. నాలుగు నెలలయింది. పొద్దున్నుంచి మాపటి దాకా." చెప్పేటప్పుడు ఆదెప్పకు సిగ్గేసింది. అయినా అడగకుండా ఉండలేకపోయాడు. "నాకేమన్నా జబ్బా అమ్మా? ఈ బిడ్డ ఏడిస్తే ఈడ," అంటూ రొమ్ము మీద చెయ్యి వేశాడు, "ఈడ ఏదో అయితాది. నిలవలేను."

"జబ్బు కాదు." ఆమె మంచం అంచున కూర్చుంది. "మూడు నాలుగేండ్ల కింద బయటి దేశాల్లో కొత్తగా తండ్రులైన మగవాళ్ళ రక్తం తీసి పరీక్షలు చేసినారు. వైద్యుల పత్రికలో చదివినాను. తల్లికి పాలు పడేటప్పుడు రక్తంలో ఒక హార్మోను పెరుగుతుంది. బిడ్డతో మెలిగే తండ్రికి కూడా అది కొంచెం పెరుగుతుందంట. మగవాళ్ళకు దుడుకునిచ్చే హార్మోను కొంచెం తగ్గుతుందంట. బిడ్డ ఏడుపు వింటే ఆ మనిషి నిలవలేడు. నీకైంది అదే అనుకుంటా. ఎవరూ ఏ మందూ పెట్టలేదు. బిడ్డను ఎత్తుకుంటే ఒళ్ళు దానికి తగినట్లు మారుతుంది. ఆడదానికే కాదు, మగవానికి కూడా."

ఆదెప్ప కిటికీ వైపు తల తిప్పుకున్నాడు. ఆసుపత్రి గోడ అవతల ఎండకు మాడిన కొండ, కోట గోడలు. నాలుగు నెలలుగా ఎవరికీ చెప్పుకోలేక మోసిన బరువు ఇంత మామూలు మాటల్లో దిగిపోయింది. పెండ్లాన్ని ఒక్క నిమిషం అనుమానించినందుకు వాడికి తన మీద తనకే రోత పుట్టింది.

"తగ్గుతాది అన్నారు గదమ్మా," అన్నాడు నరసింహప్ప మెల్లగా. "మగతనం."

"మగతనం అనలేదప్పా నేను. ఇంకా పదిమంది పిల్లల్ని కనగలడు. దుడుకు తగ్గుతుంది అన్నాను."

"తగ్గేది బిడ్డను ఎత్తుకున్నందుకేనా?"

"అవును."

"ఎత్తుకోకుంటే?"

"ఎత్తుకోకుంటే కొన్నాళ్ళకు మళ్ళీ పెరగొచ్చు. అయితే..."

కాన్పుల గదిలోంచి నర్సు కేక వేసింది. డాక్టరమ్మ ఆ 'అయితే' దగ్గరే లేచి పరిగెత్తింది.

మిగిలిన సగం మాట ఎవరికీ అందలేదు. అందిన సగాన్ని నరసింహప్ప భద్రంగా పట్టుకున్నాడు. తల్లి వైపు చూశాడు. తల్లి వాడి వైపు చూసింది.

కాసేపటికి సిద్దమ్మ లేచి మంచం దగ్గరికి వచ్చింది.

"బిడ్డ తడిపింది గదరా. ఇట్ల తే, కొళాయి కాడ కడుక్కొస్తా."

నిజంగానే తడిపింది. ఆదెప్ప చెవి తమ్మె నుంచి ఆ చిన్న వేళ్ళను ఒక్కొక్కటే విడిపించి బిడ్డను సిద్దమ్మ చేతికిచ్చాడు. సరళ అవ్వ భుజం మీది నుంచి వెనక్కి చూస్తూ పోయింది.

నరసింహప్ప కూడా వెనకే పోయాడు.

*

బిడ్డ పడుకున్న చోట చొక్కా తడి ఆరింది. అది చూసి గానీ ఆదెప్పకు ఎంతసేపయిందో తెలియలేదు.

నరసింహప్ప ఒక్కడే తిరిగి వచ్చాడు. చేతిలో నాలుగు అరటిపండ్లు. తమ్ముడి తలకాడ పెట్టాడు.

"తిను."

"బిడ్డ యాడ?"

"తినప్పా ముందు. ఒంట్లో చాత రావల్ల."

"అన్నా, బిడ్డ యాడ?"

నరసింహప్ప ఒక పండు తొక్క తీశాడు. తీసిన పండును చేతిలోనే పెట్టుకున్నాడు.

"అమ్మ తీసుకుపోతాది."

"యాడికి?"

"చిన్నమ్మ కాడికి. మొళకాల్మూరుకు. ఆడ మేకలుండాయి, పాలుండాయి. నలభై దినాలు. అంతేరా. పసరు వద్దన్నారు, సరే, నేను గూడా వద్దంటాండా. పొయ్యను. ఇంక డాక్టరమ్మ చెప్పిందే చేస్తాండా గదా? బిడ్డ దూరంగా ఉంటే నీ రక్తం నీకు వస్తాది. నా తమ్ముడు నాకు వస్తాడు. తర్వాత తెచ్చుకుందువు నీ బిడ్డను. ఎవరు కాదన్యారు?"

అన్న గొంతులో మోసం లేదు. అదే ఆదెప్పను మరీ భయపెట్టింది. నరసింహప్ప నిజంగానే తమ్ముణ్ణి బాగు చేస్తున్నాననుకుంటున్నాడు.

"అది నా చేతిలో తప్ప సరి ముట్టదు అన్నా. ఆదివారం ఒక్కపూటకే గొంతు ఎండింది. నువ్వు చూసినావు."

"ఆకలైతే అదే తాగుతాది. పిల్లోళ్ళంటే అంతే."

"మనం ఏడుమందిమి అన్నా."

నరసింహప్ప చేతిలోని పండు వంగింది.

అప్పుడే చౌడేశ్వరి వచ్చింది. ఎండలో పరిగెత్తి వచ్చిన మనిషి, వగరుస్తోంది. రవికె ముందు భాగం రెండు పక్కలా తడిసి ఉంది. మంచం మీదికి చూసింది. మంచం కిందికి చూసింది. ద్వారం వైపు తిరిగి మళ్ళీ మంచాన్ని చూసింది.

"నాకు అరగంటే ఉండాది," అంది. "బిన్నా ఇయ్యి. బిడ్డ యాడ?"

నరసింహప్ప వంగిన పండును మిగతా పండ్ల పక్కన పెట్టాడు.

"అత్త యాడ?"

నరసింహప్ప నేలకేసి చూశాడు. చౌడేశ్వరి తడిసిన రవికె మీద రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. ఆమెకు అర్థమైపోయింది. గోడకు ఆనుకుంది.

"మొళకాల్మూరు బస్సు ఎన్ని గంటలకు?" అని అడిగాడు ఆదెప్ప.

అన్న గోడ గడియారం వైపు చూశాడు.

"ఎన్ని గంటలకు?"

"ఒంటిగంటకు," అంది చౌడేశ్వరి. గోడ గడియారంలో ఒంటిగంటకు పది నిమిషాలు తక్కువ.

ఆదెప్ప చేతిలోంచి సెలైను సూది లాగేశాడు. దుప్పటి మీద నెత్తురు చిమ్మింది. కాళ్ళు కింద పెట్టాడు. లోకం మళ్ళీ పక్కకు ఒరిగింది. మంచం కమ్మీ పట్టుకుని దాన్ని నిలబెట్టాడు. నాలుగు నెలలుగా ఎంత వెతికినా చేతికి అందని కోపం అరికాళ్ళలో నుంచి పైకి పాకుతోంది. మోటరు కోసం రాలేదు. నీళ్ళ కోసం రాలేదు. దీనికి మాత్రం వచ్చింది.

నరసింహప్ప తమ్ముడి కళ్ళు చూశాడు. మొహం వెలిగింది.

"వచ్చిందే! చూడు చౌడేశ్వరీ, వచ్చింది! నేను చెప్పలే? ఇంకా గంట కాలేదు బిడ్డ పోయి, అప్పుడే నా తమ్ముడు..."

ఆదెప్ప వాడి చొక్కా గుండీల దగ్గర గుప్పిట పట్టుకున్నాడు. మొహం మొహం దగ్గరికి లాక్కున్నాడు. మణికట్టు నుంచి కారుతున్న నెత్తురు అన్న తెల్ల చొక్కా మీదికి పాకింది.

"నువ్వు పిలిచినప్పుడల్లా కట్టె పట్టుకుని వచ్చినా. ఎందుకని గూడా అడగలేదు. ఈసారి నేను పిలుస్తాండా. నా కాళ్ళు నడవవు, నీవి నడుస్తాయి. పరిగెత్తు. డ్రైవరు కాళ్ళు పట్టుకుంటావో, బస్సుకు అడ్డం పడుకుంటావో నాకు తెల్దు. ఆ బస్సు కదలకూడదు. నా బిడ్డ దిగల్ల. ఇదో, ఈ చేతుల్లోకి రావల్ల. నీళ్ళు, మోటరు, కుళ్ళాయప్ప, ఏదన్నా తర్వాత మాట్లాడు. ఇప్పుడు పో. ఇప్పుడే పో అన్నా!"